పెట్రోలు వడగట్టిన తోలు

ఈ ఉదయం కనిగిరి నుంచి నా మరమ్మతు దుకాణానికి ఒక పాత కారు వచ్చింది. ట్యాంకు అడుగున నీళ్ళు చేరి, బండి నాలుగడుగులు వేయడం, దగ్గి ఆగిపోవడం. ట్యాంకులో ఉన్నదంతా డబ్బాలోకి దింపాను. పనిముట్ల పెట్టె అడుగు నుంచి మేకతోలు తీసి గరాటు మీద పరిచి, కొద్దికొద్దిగా పోయడం మొదలుపెట్టాను. తోలు తడిసి మెత్తబడగానే వాసన వచ్చింది. పెట్రోలు వాసన అందరికీ తెలిసిందే. పెట్రోలులో నానిన పాత తోలు వాసన వేరు. అందులో కొంచెం చేపనూనె ఉంటుంది, తోలు పదును చేసే తంగేడు చెక్క కొంచెం ఉంటుంది. అది ముక్కుకు తగిలినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకుంటాను. నలభై ఏళ్ళుగా తిప్పుకుంటూనే ఉన్నాను. కారు తెచ్చిన ఆయన పక్కన నిలబడి చూస్తూ, "ఈ చుట్టుపట్ల మీ చెయ్యి పడితే చాలంటారు పెద్దాయనా" అన్నాడు. నేను తల ఎత్తకుండా పోస్తూనే ఉన్నాను. నాకు పొగరని ఊళ్ళో ఒక పేరుంది. ఉండనీ. ఆయన మెచ్చుకున్న చెయ్యి నాది కాదు, జకరయ్యది. ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ విప్పి చెప్పలేక ముఖం ముడుచుకుని పని చేసుకుంటాను.

జకరయ్యను ఎరిగినవాళ్ళు ఇప్పుడు మార్కాపురంలో ఎవరూ మిగల్లేదనే అనుకుంటున్నాను. పొడుగు మనిషి. ఎప్పుడూ ఏదో ఒక ఇంజను మీదికి వంగి ఉండడం వల్ల భుజాలు ముందుకు వాలిపోయాయి. వాళ్ళది పెద్దారవీడు పక్క పల్లె. వాళ్ళ నాయన తోళ్ళు పదును చేసేవాడు. తాత కాలంలోనే ఇల్లంతా క్రైస్తవ మిషనులో కలిసింది. జకరయ్య వయసులో ఉండగా మిషను డాక్టరమ్మ మోటారు షెడ్డు ఊడవడానికి కుదిరాడు. ఊడుస్తూ ఊడుస్తూ మోటారు నేర్చుకున్నాడు. నల్లమల అంచు పల్లెలన్నిటికీ ఆమెను ఆ బండిలో తిప్పి, చెడిపోయినప్పుడల్లా దారిలోనే బాగుచేసి, పదేళ్ళు లాక్కొచ్చాడు. ఆమె తన దేశం వెళ్ళిపోయింది. బండి షెడ్డులో పడి తుప్పు పట్టింది. జకరయ్య మార్కాపురం ఊరి బయట, తనవాళ్ళుండే పాలెంలో, తన ఇంటి పక్కనే రాతిగోడలు లేపి, పలకల గని దగ్గర పారేసిన రాతి పలకలతో పైకప్పు కప్పుకుని, ఊళ్ళో నీళ్ళ ఇంజన్లు, సైకిళ్ళు మరమ్మతు చేసుకుంటూ బతికాడు.

అప్పుడు మాది కర్నూలు జిల్లా, పైన చెన్నపట్నం సర్కారు. యుద్ధం ఇంకా రాలేదు. మా మేనమామ వెంకటసుబ్బయ్య గిద్దలూరులో పెద్ద మనిషి, ఆ మాట అందరికంటే ముందు ఆయనే నమ్మాడు. నాన్న పోయాక అమ్మా నేనూ ఆయన ఇంట్లోనే ఉండేవాళ్ళం. స్కూలు ఫైనలు రెండుసార్లు తప్పి, ఆయన పెట్టిన అన్నం తింటూ, ఆయన చెప్పిన పని చేస్తూ, ఇరవై ఏళ్ళు దాటిన మనిషిని నేను. గిద్దలూరుకూ మార్కాపురానికీ మధ్య బస్సు నడపాలని మామ కోరిక. దానికి అనుమతి రావాలంటే కర్నూలు నుంచి వచ్చే ఒక అధికారి, అందరూ దొర అనే ఆయన మెప్పు కావాలి. ఆయన అడవి చూడడానికి గిద్దలూరులో మకాం చేయబోతున్నాడని తెలిసి, సొంత మోటారులో ఆయన్ను దిగువమెట్ట కొండఘాటు దాకా తిప్పాలని మామ పథకం వేశాడు. డాక్టరమ్మ వదిలిపోయిన బండిని కొన్నాడు. దాన్ని లేపగలవాడు జకరయ్య ఒక్కడేనని అందరూ చెబితే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, నన్ను మార్కాపురం పంపాడు. "వాడు సామాన్లు మార్చి తుక్కు బిగిస్తాడు. నువ్వు ఆడనే కూచొని చూడు. ఏమీ ముట్టుకోవద్దు" అన్నాడు. నేర్చుకోమని కాదు, కాపలాకని వెళ్ళాను.

షెడ్డుకు ఎడంగా, ఎండలోనే ఒక స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఊళ్ళో మా బంధువుల ఇంటి నుంచి మధ్యాహ్నం క్యారియరు వచ్చేది. జకరయ్య భార్య మార్తమ్మ మంచినీళ్ళు కావాలా అని కూడా అడిగేది కాదు. అడిగితే నాకు ఇబ్బందని ఆమెకు తెలుసు. జకరయ్య నన్ను పట్టించుకోకుండా బండిని విప్పుతూ పోయాడు. సీట్లలో ఎలుకలు పిల్లలు పెట్టాయి. బానెట్టు కింద పాము కుబుసం దొరికింది. ఆయన పనిలో నన్ను మొదట పట్టింది ఆ రాతి పలకలు. విప్పిన ప్రతి సామానునూ ఒక పగిలిన పలక మీద పెట్టేవాడు. దాని పక్కనే బలపంతో ఎక్కడిది, ఏ వైపుది, దాని ముందు ఏం విప్పాడు అని గీసేవాడు. వారం తిరిగేసరికి షెడ్డు నేలంతా పలకలే. ఆ బండి మొత్తం నేల మీద విడివిడిగా, వరసగా పరిచి ఉంది. నాకు బళ్ళో పలక మీద రాసినదేదీ బుర్రకెక్కలేదు. ఇది మాత్రం చూస్తుండగానే ఎక్కింది.

ఒకరోజు ఆయన లోపలికి పోయినప్పుడు నేను స్టూలు దిగి ఒక వాల్వు చేతిలోకి తీసుకున్నాను. ఆయన వచ్చి చూశాడు. మామకు తెలిస్తే ఏమంటాడోనని నా భయం. జకరయ్య అడిగింది వేరు.

"చేతులు కడుక్కున్నారా చిన్నయ్యా?"

ఆ మాట అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. పాలెంలో నిలబడి, పాలెం మనిషి నన్ను చేతులు కడుక్కున్నావా అని అడుగుతున్నాడు. కోపం కూడా వచ్చింది.

"ఎందుకు?"

"ఇసక రేణువు ఒక్కటి పోతే చాలు, లోపలంతా గీసి పెడతది. నేను కూడా కడుక్కోకుండా ముట్టుకోను. డాక్టరమ్మ మనిషిని కోసేటప్పుడు అట్లనే కడుక్కునేది." ఆయన కుంకుడు రసం ఉన్న ముంత చూపించాడు. "మీకు కావాలంటే కడుక్కొని రాండి. లేకుంటే ఆడ పెట్టండి."

వెళ్ళి కడుక్కుని వచ్చాను. ఆ రోజు నుంచి స్టూలు ఖాళీగానే ఉంది. మామ చెప్పిన మాట నేను దాటింది నా జన్మలో అదే మొదటిసారి. దాటడం ఇంత సులువా అనుకున్నాను. ఎదురుగా మామ లేనప్పుడు ఎవరికైనా సులువేనని తర్వాత తెలిసింది.

ఇంజను అడుగున ఇరుసు తిరిగే చోట తెల్లలోహపు బేరింగులు ఉంటాయి. అవి అరిగితే కొత్తగా పోతపోసి, ఇరుసుకు సరిగ్గా అతికేలా చేత్తో గీకాలి. ఎక్కడ గీకాలో కంటికి కనపడదు. జకరయ్య ఆ పనికి మార్తమ్మ కాటుక వాడేవాడు. ఆముదపు దీపం మీద పట్టిన కాటుకను ఇరుసుకు పలచగా రాసి, బేరింగులో పెట్టి ఒక చుట్టు తిప్పి తీసేవాడు. ఎత్తుగా ఉన్న చోట నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చను మాత్రం గీకి, మళ్ళీ కాటుక రాసి, మళ్ళీ తిప్పి చూడాలి. అట్లా పొద్దున్నుంచి సాయంత్రం దాకా. మూడోరోజు గీకుడు కత్తి నా చేతికిచ్చాడు. నేను తొందరపడి ఒక చోట లోతుగా గీకాను. మూడు రోజుల పని ఒక్క గీతతో పోయింది. ఆయన బేరింగు తిప్పి చూసి, పక్కన పెట్టి, కరిగించడానికి కుంపటి రాజేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మార్తమ్మ గడపలో నిలబడి, "ఇంట్లో కాటుకంతా మీ బండికే పెడుతున్నారు. దాని పెండ్లి ఎప్పుడు?" అని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో ఎవరూ నా తప్పును అట్లా కరిగించి మళ్ళీ పోతపోయలేదు.

మా ప్రాంతంలో ముక్కూ మొహం తెలియని వాళ్ళను కూడా అన్నా అనో మామా అనో పిలుస్తారు. పాలెంలో పిల్లలంతా జకరయ్యను పెదనాయనా అనేవాళ్ళు. నేను మాత్రం జకరయ్యా అనే పిలిచాను. వయసులో నాకు రెట్టింపు మనిషి, నాకు విద్య నేర్పుతున్న మనిషి. ఆ బేరింగు రోజు సాయంత్రం వెళ్ళేటప్పుడు "పోయొస్తాను అన్నా" అనే మాట నాలుక దాకా వచ్చింది. గోడ అవతల మా బంధువుల జీతగాడు క్యారియరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మింగేశాను.

ఇక ఈ తోలు సంగతి. ఆ రోజుల్లో పెట్రోలు రేకు డబ్బాల్లో రైలు మీద వచ్చేది. డబ్బాల్లో తుప్పు, చెమ్మ, ఏదో ఒకటి ఉండేది. జకరయ్య ఒక్క చుక్క కూడా వడగట్టకుండా ట్యాంకులో పోసేవాడు కాదు. దానికి ఆయన దగ్గర మేకపిల్ల తోలు ఉండేది. వాళ్ళ నాయన చేపనూనెతో నెలల తరబడి పిసికి, పలచగా, గుడ్డలా మెత్తగా పదును చేసిన తోలు. దాని మీద పెట్రోలు పోస్తే కిందికి దిగుతుంది. నీళ్ళు దిగవు, ముత్యాల్లాగా పైనే నిలుస్తాయి. నాకు చూపించడానికి పెట్రోలులో కావాలనే కాసిని నీళ్ళు కలిపి పోశాడు. తోలు మధ్యలో గుండ్రంగా నిలిచిన నీటిని వేలితో కదిపి చూపించాడు.

"ఇంజను తాగే రంధ్రం సూదిమొన అంత ఉంటది చిన్నయ్యా. ఆడ నీటిబొట్టు అడ్డం పడినా, జిడ్డు అడ్డం పడినా బండి ఆగిపోతది. ఇంత బరువు బండిని ఆపడానికి అంతే చాలు. మా నాయన చేతిపనిని చూసి ఊరంతా ముక్కు మూసుకునేది. డాక్టరమ్మ మాత్రం ఈ తోలు చూసి, మా దేశంలో కూడా ఇంత మంచిది దొరకదన్నది." తోలును పిండి, మడిచి మొలలో దోపుకున్నాడు. తండ్రి పేరు ఎత్తినప్పుడు ఆయన గొంతులో ఉన్న గర్వాన్ని నేను మా ఇంట్లో ఎవరి గొంతులోనూ వినలేదు.

బండి లేచిన రోజు మామ మార్కాపురం వచ్చాడు. జకరయ్య ముందు హ్యాండిలు రెండుసార్లు మెల్లగా తిప్పాడు, మూడోసారి గట్టిగా ఒక్క లాగు లాగాడు. ఇంజను అందుకుంది. ఆయన ఒక కర్రపుల్లను ఇంజనుకు ఆనించి, రెండో కొసను చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఆ పుల్ల నాకిచ్చాడు. మామ చూస్తున్నాడని నేను తీసుకోలేదు. మామ సంతోషంలో ఉన్నాడు. షెడ్డు బయటే నిలబడి, "ఈ బండి మీద దొర దిగువమెట్ట పోయి వచ్చినాడంటే బస్సు మనది. బస్సు మనదైతే దాని మరమ్మతంతా ఈడనే, నీ షెడ్డులోనే. మాట ఇస్తాండా" అన్నాడు. జకరయ్య చేతులు కట్టుకుని తల వంచాడు. మామ పోయాక నాతో, "మోటారు పని కావాలంటే బెజవాడ పో, మద్రాసు పో అంటారు. నాకు నా ఇంటికాడనే కావాల. ఈడ పాలెం పిల్లోళ్ళకు నేర్పాల" అన్నాడు. ఆయనకు కావలసింది అదొక్కటే. ఇంటి పక్కన ఒక షెడ్డు, దానికి రోజూ పని, ఆ పనికి ఒక పేరు.

గిద్దలూరుకు బండిని ఆయనే నడిపాడు. నేను పక్కన కూర్చున్నాను. తర్లుపాడు దాటాక స్టీరింగు నాకిచ్చి, కంభం దాటి చాలా దూరం పోయేదాకా నన్నే నడపనిచ్చాడు. ఆ మధ్యాహ్నం నేను ఎంత సంతోషంగా ఉన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది. గిద్దలూరు పక్కన సగిలేరు ఒడ్డున మామ మనుషులు ఎదురొచ్చారు. జకరయ్య అక్కడే దిగిపోవాలన్నారు. ఆయనకు ముందే తెలుసు కాబోలు, అడక్కముందే దిగాడు. దిగి, కిటికీ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ట్యాంకు నిండా ఉంది. దొర తిరిగొచ్చేదాకా మళ్ళీ పెట్రోలు పోయాల్సిన పని లేదు. మూత మాత్రం ఎవరినీ తీయనీయొద్దు చిన్నయ్యా. ఈడ దుమ్మెక్కువ."

సరేనన్నాను.

ఇంటి ముందు ముగ్గు, మామిడాకులు, పూజారి. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అవన్నీ ఏ బండికైనా చేసేవే. మామ తల్లి, మా అవ్వకు అవి చాలలేదు. "వాడు చేతులు పెట్టని చోటు ఉందా దీంట్లో?" అన్నది. పంచగవ్యం తెప్పించింది. ఆవు పాలు, పెరుగు, నెయ్యి, పేడ, పంచితం కలిపిన గిన్నె. పూజారి మామిడాకుతో సీట్ల మీద చల్లాడు, స్టీరింగు మీద చల్లాడు, బానెట్టు ఎత్తించి ఇంజను మీద చల్లాడు. అవ్వ ఇంకా అక్కడే నిలబడింది.

"మనిషికైతే లోపలికి కూడా తాపుతారు. పైపైన చల్లితే ఎట్ల? దీని నోరు యాడుందిరా సీనా? తియ్యి."

ఈ ఆలోచన ప్రపంచంలో ఇంకెవరికీ వచ్చి ఉండదు. ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. "అవ్వా, పెట్రోలులో ఏమీ పడకూడదు" అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. మామ వాకిట్లో నుంచి, "ఒక ఉద్ధరిణెడు పడితే ఏం మునుగుతది? తియ్యరా, పెద్దామె చెప్తావుంటే" అన్నాడు. అద్దం ముందర ట్యాంకుకు ఇత్తడి మూత. నేను నా రెండు చేతులతో తిప్పి తీశాను. పూజారి మంత్రం చెబుతూ మూడు ఉద్ధరిణెలు పోశాడు. అవ్వ గిన్నె అందుకుని అడుగున మిగిలింది కూడా వంచింది. నేను మూత బిగించాను. జకరయ్య అప్పుడు ఊరి అవతల ఉన్నాడు.

అప్పటికైనా ట్యాంకు దింపి వడగట్టి ఉండవచ్చు. దింపితే పవిత్రమైంది నేల పాలవుతుందని అవ్వ ఊరుకోదు. తోలు జకరయ్య మొలలో ఉంది. కొంచెమే కదా, ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏమవుతుందో నా కళ్ళారా చూపించిన మనిషి ఉన్నాడు, అయినా అట్లా చెప్పుకున్నాను.

మరుసటి రోజు దొరను ఎక్కించుకుని నేనే నడిపాను. మామ వెనక కూర్చుని ఆయనకు అడవి గురించి ఏదో చెబుతున్నాడు. దిగువమెట్ట దాకా బాగానే పోయింది. ఘాటు ఎక్కడం మొదలుపెట్టగానే ఇంజను దగ్గింది, మళ్ళీ దగ్గింది, ఆగింది. ట్యాంకు వాలినప్పుడు అడుగున ఉన్నదంతా కదిలి ఉంటుంది. నేను దిగి కార్బురేటరు విప్పాను. సూదిమొన అంత రంధ్రానికి అడ్డంగా, పెరుగుతో ముద్దకట్టిన తెల్లటి నెయ్యి గడ్డ ఉంది. దాన్ని తీస్తే ఇంకోటి వచ్చింది. రెండు గంటలు ఎండలో ఆ గడ్డలు తీస్తూనే ఉన్నాను. దొర రాతి మీద కూర్చుని, టోపీతో విసురుకుని, చివరికి వెదురు తోలుకొచ్చే ఎద్దుబండి ఒకటి వస్తుంటే దాన్నెక్కి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మామ ముఖం నేనింతవరకూ మరిచిపోలేదు. మోటారును ఎద్దులకు కట్టి గిద్దలూరు దాకా లాగించారు. దారి పొడుగునా జనం బయటికొచ్చి చూశారు.

జకరయ్యను పిలిపించారు. వీధంతా నిండి ఉంది. ఆయన ఎవరినీ చూడకుండా నేరుగా బండి దగ్గరికి వచ్చాడు. నీళ్ళడిగి చేతులు కడుక్కున్నాడు. అంత జనంలో, అంత కోపంలో, ఆయన చేతులు కడుక్కోవడం నాకు ఇప్పటికీ కనపడుతుంది. కార్బురేటరులో నుంచి తెల్లటి గడ్డ తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాడు.

"నెయ్యి, అయ్యా" అన్నాడు.

"నెయ్యి ఎట్ల వస్తది మోటారులో?" అన్నాడు మామ. ఆయనకు గుర్తు రాలేదో, గుర్తొచ్చి తొక్కిపెట్టాడో నాకు తెలియదు. "నెయ్యి కాదు అది. కొవ్వు. ఆవు కొవ్వు పూసి పంపినావురా నా ఇంటికి."

ఆ మాటతో వీధి మొత్తం గుప్పున మండింది. జకరయ్య ముఖంలో మొదటిసారి భయం చూశాను. ఆయన ట్యాంకు మూత వైపు చూశాడు. మూత చుట్టూ పసుపు, దాని అంచున ఎండిన పేడ చారిక. అంతా అర్థమైపోయింది ఆయనకు. కానీ ఆ మాట ఆయన నోటి నుంచి వస్తే చంపేస్తారు. మా ఇంటి మనిషి నోటి నుంచి రావాలి. నా వైపు తిరిగాడు.

"చిన్నయ్యా, మూత ఎవరు తీసినారు?"

నేనొక్క మాట అంటే అయిపోయేది. అవ్వ తలుపు వెనక ఉంది. పూజారి గుంపులోనే ఉన్నాడు. మామ నన్నే చూస్తున్నాడు. అమ్మ ఆ ఇంట్లోనే అంట్లు తోముతూ ఉంది. ఈ చివరి మాట ఎన్నో ఏళ్ళు నాకు సాకుగా పనికొచ్చింది. అందుకే చెబుతున్నాను, ఆ క్షణంలో అమ్మ నాకు గుర్తే రాలేదు. మామంటే భయం, అంతే.

"నాకు తెల్దు" అన్నాను.

ఆయన వేళ్ళకంటిన నెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. మామ జీతగాళ్ళు ఇద్దరు ముందుకొచ్చారు. ఆయన్ను ఎట్లా కొట్టిందీ నేను రాయను. నేను అక్కడే ఉన్నాను, కదల్లేదు, అది రాస్తే చాలు. కుడిచెయ్యి వాచి వేలాడుతుంటే, ఎడమ చేత్తో పనిముట్ల సంచి ఎత్తుకుని సగిలేరు వైపు నడిచి వెళ్ళాడు.

ఆవు కొవ్వు మాట ఆయనకంటే ముందే మార్కాపురం చేరింది, కనిగిరి కూడా పోయింది. నీళ్ళ ఇంజను వాళ్ళు రావడం మానేశారు. సైకిలు వాళ్ళు కూడా మానేశారు. గిద్దలూరులో మామ బండిని పశువుల కొట్టంలో పెట్టించి, "నువ్వు చూసినావు కదరా, చేయి" అన్నాడు. నేను ప్రతి సామానూ విప్పి పలకల మీద పరిచాను, కడిగాను. మళ్ళీ బిగించాక ఒకటి తక్కువైంది. కొత్త పెట్రోలు వడగట్టడానికి తోలు లేదు. గుడ్డతో వడగడితే నీళ్ళు దిగిపోతున్నాయి. మార్కాపురం వెళ్ళాను. క్షమించమని అడగడానికి వెళ్ళానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. తోలు కోసం వెళ్ళాను.

షెడ్డులో పలకలన్నీ ఒక మూల దొంతరగా పేర్చి ఉన్నాయి. కుంపటి లేదు. మార్తమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. లేవలేదు.

"బెజవాడ పోయినాడు. బస్సులు కడిగే పని ఉందంటే పోయినాడు. చెయ్యి ఇంకా మడవలేడు, కడగొచ్చులే అన్నాడు." లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన తోలు తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టింది. మా ఇళ్ళల్లో వాళ్ళకు ఏదిచ్చినా అట్లాగే పెట్టేవాళ్ళం. "ఆ చిన్నయ్య దీనికోసం వస్తాడు, ఇయ్యి అని చెప్పి పోయినాడు."

"నేను వస్తానని ఎట్ల తెలుసు?"

"ఏమో. బండి తిరగాలంటే ఇది లేకుంటే కాదన్నాడు. ఇంకోమాట కూడా అన్నాడు. మూత తీసినప్పుడు ఎవరో ఒకరు అడ్డం పడాల, ఆయన పడలేడు, ఈ తోలన్నా అడ్డం పడతది అన్నాడు." ఆమె మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది. "మీరు పోండి చిన్నయ్యా. ఎవరన్నా చూస్తే మీకే మాట."

తోలు తీసుకున్నాను. తీసుకోకుండా వచ్చి ఉండవచ్చు, కానీ తీసుకున్నాను. బండి నడిచింది. బస్సు మాత్రం మామకు రాలేదు, వేరేవాళ్ళకు పోయింది. ఆ ఉక్రోషాన్ని కప్పుకోవడానికి మామ నన్ను ఊరంతా తిప్పి చూపించాడు. "వాడు చెడగొట్టిన బండిని మా సీనడు బాగుచేసినాడు" అనేవాడు. ఆ పేరు పాకింది. ఆ పేరు మీదే మార్కాపురంలో ఈ దుకాణం పెట్టించాడు. జకరయ్య షెడ్డు ఉన్న పాలెం ఇక్కడికి నడిచిపోయేంత దూరం. ఆయన ఇంటికాడ కావాలనుకున్న పని, పేరు, నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు, అన్నీ నాకు వచ్చాయి. మార్తమ్మ కూడా కొన్నాళ్ళకు బెజవాడ వెళ్ళిపోయింది. పలకల పైకప్పు ఏ వానకు కూలిందో నాకు తెలియదు. యుద్ధం అయ్యాక, బెజవాడ బస్సుల షెడ్డులో అట్లాంటి మనిషిని చూశామని ఎవరో చెప్పారు. బెజవాడ ఒక పగటి ప్రయాణం. పోలేదు. మామ పోయాడు, అవ్వ పోయింది, ఆ పూజారీ పోయాడు. నిజం చెబితే అడ్డుకునేవాళ్ళు ఎవరూ లేకుండా పోయి కూడా ఎన్నో ఏళ్ళయింది. అయినా చెప్పలేదు.

నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ మొదట నేర్పేది చేతులు కడుక్కోవడం. విప్పిన సామాను పలక మీద పెట్టి గీసుకోమంటాను. కర్రపుల్ల చెవికి పెట్టుకుని వింటాను. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే మా మామ బండి మీద అని చెబుతూ వచ్చాను. అదీ అబద్ధం కాదు కదా అని సర్దుకుంటూ వచ్చాను. ఈ ఉదయం కనిగిరి ఆయన బండి లేచింది. పోతూ పోతూ, "ఇంత మంచి తోలు యాడ దొరికింది పెద్దాయనా?" అని అడిగాడు. నోరు తెరిచాను. మళ్ళీ ఏదో చెప్పి పంపేశాను. ఆయన పోయాక తోలు పిండి ఆరేసి, ఈ కాగితాలు ముందేసుకున్నాను. జకరయ్య ఇప్పుడు ఉండడు, ఉన్నా తొంభై దగ్గర పడి ఉంటాడు, నేను రాసింది ఆయన చదవడు. ఆ వీధిలో ఆయన నన్ను అడిగింది ఒక్కటే. దానికి జవాబు ఇది.

మూత నేనే తీసినాను, అన్నా.